బీజం కడుపులోనే ఉండిపోతే: మగబిడ్డకు లాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులకు

మగబిడ్డకు ఆరు నెలలు నిండినా ఒక బీజం (వృషణం) గానీ రెండూ గానీ సంచిలోకి దిగకపోతే ఇక ఎదురుచూడకండి. ఆ నెలలోనే పిల్లల సర్జన్‌కు చూపించండి. ఏడాది నిండేలోపు, ఎంత ఆలస్యమైనా ఏడాదిన్నరలోపు ఆపరేషన్ అయిపోవాలి. ‘బడికి పోయే వయసుకు అదే దిగుతుందిలే’ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లను తప్పుపట్టలేం, ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ లెక్క మారిపోయింది.

ఎందుకు మారిందంటే: వృషణాలు తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ మూత్రపిండాల దగ్గర తయారై, గర్భం చివరి నెలల్లో గజ్జల గుండా సంచిలోకి దిగుతాయి. నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో నూటికి ముప్పై మంది దాకా ఈ ప్రయాణం పుట్టేనాటికి పూర్తి కాదు. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో బిడ్డ ఒంట్లో మగ హార్మోన్ కొంతకాలం పెరుగుతుంది. దిగాల్సినవి చాలావరకు అప్పుడే దిగిపోతాయి. ఏడాది వయసుకు నూటికి ఒకరికి మాత్రం మిగిలిపోతుంది. ఆరు నెలల తర్వాత దానంతటది దిగడం చాలా అరుదు. సంచిలో వేడి ఒంటి వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువ. ముందుముందు వీర్యకణాలను తయారుచేయాల్సిన మూలకణాలు మొదటి ఏడాదిలోనే ఒక దశ నుంచి ఇంకో దశకు మారాలి. కడుపులోని వేడికి ఆ మార్పు సరిగా జరగదు, తర్వాత ఆ కణాలు తగ్గిపోతూ వస్తాయి. క్యాన్సర్ సంగతి కూడా ఇంతే. 2007లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో, 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయిన వాళ్లకు వృషణాల క్యాన్సర్ ముప్పు మామూలు మగవాళ్ల కంటే దాదాపు రెండింతలు ఉంటే, 13 దాటాక చేయించుకున్న వాళ్లకు అయిదింతలు దాటింది. అసలు ఆ క్యాన్సరే అరుదు కాబట్టి భయపడాల్సినంత సంఖ్య కాదు, కానీ ఆలస్యం వల్ల వచ్చే తేడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆరు నెలలు కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టకూడదు, డాక్టరు ఇచ్చిన డేటు నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన వాడికి ఎనిమిది నెలలు నిండితే ఆరు నిండినట్టు.

నిజంగా దిగలేదా, పైకి లాక్కుంటోందా

చలికి, భయానికి, చల్లటి చేయి తగిలితే కూడా మగపిల్లల బీజాలు పైకి లాక్కుంటాయి. అది ఆ వయసులో మామూలే. గోరువెచ్చని నీళ్లలో స్నానం చేయించేటప్పుడు, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు సంచి రెండు వైపులా నిండుగా కనిపిస్తోందా లేదా అన్నది గమనించి డాక్టరుకు చెప్తే చాలు, ఇంట్లో నొక్కి వెతకనక్కర్లేదు. డాక్టరు చేతులు వేడి చేసుకుని, బిడ్డను పడుకోబెట్టి, తర్వాత బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, తుంటి ఎముక నుంచి గజ్జ మీదుగా కిందికి వేళ్లతో జార్చుకుంటూ చూస్తారు. దొరికిన బీజాన్ని సంచిలోకి తెచ్చి, పైకి లాగే కండరం అలిసిపోయేదాకా కాసేపు పట్టి ఉంచి వదులుతారు. అక్కడే నిలిస్తే పైకి లాక్కునే రకం. దానికి ఆపరేషన్ వద్దు, కానీ పెద్దయ్యేదాకా ఏడాదికోసారి చూపించాలి. అలాంటివి కొన్ని కాలం గడిచేకొద్దీ పైనే నిలిచిపోతాయి. వదలగానే జర్రున పైకి పోతే అది దిగని బీజమే.

దిగని బీజాల్లో చాలావరకు, అంటే అయిదింట నాలుగు దాకా, గజ్జలో చేతికి తగులుతాయి. వాటికి లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కడుపులోకి కెమెరా పంపి చేసే ఆపరేషన్‌తో, పనిలేదు. గజ్జ ముడతలో చిన్న కోతతో చేసే ఆపరేషన్ సరిపోతుంది, ఫలితమూ బాగుంటుంది. ‘టెలిస్కోప్ అయితేనే మంచిది’ అనుకుని దానికోసం పట్టుబట్టకండి. చేతికి అసలే తగలని ఆ అయిదో వంతు పిల్లలకే లాప్రోస్కోపీ. వాళ్లకు మాత్రం దాన్ని మించిన పరీక్ష లేదు, చికిత్స కూడా అదే.

రెండు సందర్భాల్లో ఆరు నెలలు ఆగకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డకు రెండు వైపులా బీజాలు తగలకపోయినా, ఒక వైపు తగలకుండా మూత్రం పోసే రంధ్రం కొన వద్ద కాకుండా కింద ఉన్నా వెంటనే హార్మోన్, లవణాలు, క్రోమోజోమ్ పరీక్షలు చేయించాలి. మగబిడ్డలా కనిపించే ఆడబిడ్డకు అడ్రినల్ గ్రంథి జబ్బు ఉండొచ్చు. ఆ జబ్బులో పుట్టిన రెండో వారంలో వాంతులు, నీరసం మొదలై ఒంట్లో ఉప్పు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇక రెండోది: దిగని బీజం ఉన్న బిడ్డకు గజ్జలో గట్టిగా వాపు వచ్చి ఏడుపు ఆపకపోయినా, వాంతులైనా అది ఇరుక్కున్న హెర్నియా కావచ్చు, మెలితిరిగిన బీజం కావచ్చు. అర్ధరాత్రయినా క్యాజువాలిటీకి పరుగెత్తాల్సిందే.

స్కానింగ్, ఇంజెక్షన్లు

బీజం తగల్లేదు అనగానే ముందు అల్ట్రాసౌండ్, అందులో కనిపించకపోతే ఎంఆర్ఐ రాయడం ఇంకా జరుగుతోంది. ఈ డబ్బు, సమయం చాలావరకు వృథా. కడుపులో పేగుల మధ్య ఉన్న చిన్న బీజాన్ని అల్ట్రాసౌండ్ చాలాసార్లు చూపించలేదు. స్కాన్‌లో కనిపించలేదు కాబట్టి బీజం లేదని వదిలేయలేం, కనిపించినా ఆపరేషన్ తప్పదు. ఎలా వచ్చినా చేయాల్సింది మారనప్పుడు ఆ పరీక్ష ఎందుకు? ఎంఆర్ఐ అయితే పసిబిడ్డకు మత్తు కూడా ఇవ్వాల్సి వస్తుంది. బీజాన్ని దించడానికి హెచ్‌సీజీ హార్మోన్ ఇంజెక్షన్ల కోర్సు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. వాటితో దిగేవి తక్కువ, దిగినవి కొన్ని మళ్లీ పైకి పోతాయి. ఇప్పటి మార్గదర్శకాలు వాటిని వద్దనే చెబుతున్నాయి. రెండు వైపులా తగలనప్పుడు ఒంట్లో బీజం ఉందా లేదా తేల్చడానికి చేసే హార్మోన్ పరీక్ష వేరు, అది అవసరమే.

ఇక ఆపరేషన్ ఎక్కడ చేయించాలంటే, తిరుపతిలో రుయా ఆసుపత్రిలో పిల్లల సర్జరీ విభాగం ఉంది. చిత్తూరు చుట్టుపక్కల వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణమే. ఎక్కడికి వెళ్లినా చేసేది పిల్లల సర్జరీలో ఎం.సీహెచ్. (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేసిన సర్జన్ అయి ఉండాలి, పసిపిల్లలకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న మత్తు డాక్టర్ ఉండాలి, 3 మిల్లీమీటర్ల పరికరాలు ఉండాలి. ఈ మూడూ నేరుగా అడగండి, మంచి సర్జన్ ఏమీ అనుకోరు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో ముందే రెండు విషయాలు కనుక్కోవాలి. బిడ్డ పేరు ఇంకా కార్డులోకి ఎక్కకపోతే ఏ కాగితాలు కావాలి? ఆపరేషన్ రెండు విడతలుగా చేయాల్సి వస్తే రెండో విడతకు మళ్లీ అనుమతి తీసుకోవాలా?

ఆపరేషన్ ముందు వారం

బిడ్డకు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. ఊపిరి గొట్టం వాచి ఉన్నప్పుడు మత్తు ఇస్తే గొంతు బిగుసుకుపోయే ప్రమాదం ఉంటుంది. సాధారణంగా 2 నుంచి 4 వారాలు వాయిదా వేస్తారు, ఈ వాయిదా మంచిదే. తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తర్వాత అయిదో రోజుకీ పన్నెండో రోజుకీ మధ్య జ్వరం రావచ్చు. ఆపరేషన్ తేదీ అందులో పడకుండా చూసుకోండి, టీకా కార్డు మత్తు డాక్టర్‌కు చూపించండి. నెలలు నిండకుండా పుట్టినవాడైతే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. అలాంటి చిన్నపిల్లలకు మత్తు తర్వాత ఊపిరి ఆగే ముప్పు ఉంటుంది కాబట్టి రాత్రంతా మానిటర్ మీద ఉంచాల్సి రావచ్చు. కుటుంబంలో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చి ఉన్నా, దెబ్బ తగిలితే రక్తం ఆగని లక్షణం ఉన్నా చెప్పండి.

మొలతాడు, వెండి మొలనూలు, మురుగులు, దిష్టితాయెత్తు ముందురోజే తీసేయాలి. రక్తనాళాలను కాల్చి ఆపే కరెంటు పరికరం వాడేటప్పుడు ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలవచ్చు. బొడ్డు మడతలో నూనె, మురికి లేకుండా రెండు రోజుల ముందు నుంచి సబ్బుతో శుభ్రం చేయండి, కెమెరా వెళ్లేది అక్కడి నుంచే.

కడుపు ఖాళీగా ఉంచే లెక్క తేలిగ్గా తీసుకోకూడదు. ఆవుపాలు, డబ్బాపాలు, ఏ రకమైన అన్నం అయినా 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు, తేటనీళ్లు, గ్లూకోజ్ నీళ్లు 2 గంటల ముందు. ఉదయం 8 గంటలకు ఆపరేషన్ అయితే డబ్బాపాలు రాత్రి 2కు, తల్లిపాలు తెల్లవారుజామున 4కు, నీళ్లు 6కు ఆఖరు. రాగిజావ ఎంత పలచగా కాచినా అన్నం కిందే లెక్క. ‘ఏడుస్తున్నాడు కదా’ అని అవ్వ పక్కగదిలో రెండు గుటకలు తాగిస్తే, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దానికి విరుద్ధంగా రాత్రి ఎనిమిది నుంచే ఏమీ ఇవ్వకుండా మాడ్చడమూ తప్పే, పసివాళ్లకు చక్కెర పడిపోతుంది. కుప్పం, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్లు ముందురోజు సాయంత్రానికే ఆసుపత్రికి చేరుకుంటే ఈ వేళలు సరిగ్గా పాటించగలరు.

లోపల ఏం జరుగుతుంది

సంతకం పెట్టే ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఈ ఆపరేషన్‌లో ఏం చేయాలన్నది లోపల చూశాకే తేలుతుంది. కాబట్టి కింద చెప్పే ప్రతి అవకాశానికీ మీరు ముందుగానే ఒప్పుకుని ఉండాలి.

మత్తు ఇచ్చాక సర్జన్ మళ్లీ చేత్తో వెతుకుతారు. కండరాలు వదులయ్యాక, అంతకుముందు తగలని బీజం కొందరు పిల్లలకు గజ్జలో దొరుకుతుంది. అప్పుడు లాప్రోస్కోపీ మానేసి గజ్జ కోతతోనే దించేస్తారు.

దొరకకపోతే మూత్రాశయం ఖాళీ చేసి, బొడ్డు దగ్గర చిన్న కోత పెట్టి, కంటికి కనిపించేలా పొరలు తెరిచి 5 మిల్లీమీటర్ల కెమెరా గొట్టం లోపలికి పంపుతారు. పసిబిడ్డ కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ 8 నుంచి 10 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితోనే నింపాలి. అంతకు మించితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది. తలవైపు కిందికి వంచితే పేగులు పైకి జరిగి గజ్జ ద్వారం, అంటే బీజం కడుపులోంచి గజ్జలోకి దిగే రంధ్రం, కనిపిస్తుంది. సర్జన్ ముందు మంచి వైపు చూస్తారు, ఆ బిడ్డలో బీజం రక్తనాళాలూ వీర్యనాళమూ (వీర్యకణాలను తీసుకెళ్లే గొట్టం) మామూలుగా ఎంత లావుంటాయో తెలియడానికి. తర్వాత లేని వైపు చూస్తారు. అక్కడ మూడు రకాలుగా ఉండొచ్చు.

రక్తనాళాలు, వీర్యనాళం రెండూ గజ్జ ద్వారానికి పైనే సన్నబడి ఆగిపోతే, తల్లి కడుపులోనే బీజం మెలితిరిగి కరిగిపోయిందని అర్థం. పని అక్కడితో అయిపోతుంది. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. వీర్యనాళం ఒక్కటే ఆగిపోవడం చూసి బీజం లేదని తేల్చకూడదు. బీజం రక్తనాళాల వెంట ఇంకా పైన, మూత్రపిండం దగ్గర ఉండొచ్చు. రక్తనాళాలు ఆగిపోయిన చోటు కంటితో చూస్తేనే తేలినట్టు.

రెండూ గజ్జ ద్వారంలోకి వెళ్లిపోతుంటే గజ్జ కోసి చూస్తారు. మంచి బీజం ఉంటే దించుతారు. ఎండిపోయిన గింజలాంటి ముక్క మాత్రమే ఉంటే తీసేస్తారు.

మూడోది, బీజం కడుపులోనే కనిపించడం. అప్పుడు చెరో పక్క 3 మిల్లీమీటర్ల గొట్టాలు రెండు వేసి పని మొదలుపెడతారు. బీజాన్ని పట్టుకుని అవతలి వైపు గజ్జ ద్వారం దాకా లాగి చూస్తారు. అక్కడికి అందితే సంచిలోకి కూడా అందుతుంది, ఒకే విడతలో పూర్తిచేయొచ్చు. గజ్జ ద్వారానికి 2 సెంటీమీటర్లలోపు ఉన్నవి చాలావరకు అందుతాయి. బీజాన్ని కింద పట్టి ఉంచే తాడులాంటి కట్టును కోసేటప్పుడు జాగ్రత్త కావాలి, వీర్యనాళం కొన్నిసార్లు గజ్జలోకి ఉచ్చులా దిగి పైకి తిరిగి ఉంటుంది. అది చూసుకోకుండా కోస్తే నాళమే తెగిపోతుంది. రక్తనాళాలను పై దాకా విడదీస్తారు కానీ, వాటికీ వీర్యనాళానికీ మధ్య ఉన్న పొరను ముక్కోణంగా అలాగే ఉంచేస్తారు. అందులోని సన్నని నాళాలే ఆసరా. తర్వాత పాత దారిన కాకుండా, పొట్టగోడ రక్తనాళాలకు లోపలి పక్కగా, మూత్రాశయానికి బయటి పక్కగా కొత్త దారి చేస్తారు. దూరం తగ్గుతుంది. మూత్రాశయం ఖాళీగా ఉండాలన్నది ఇందుకే, ఉబ్బి ఉంటే గొట్టం దానికే గుచ్చుకుంటుంది. మెలిక పడకుండా బీజాన్ని దించి, సంచి చర్మం కింద జేబులా చేసిన చోట కరిగే దారంతో కుడతారు.

బీజం అందకపోతే బలవంతంగా లాగకూడదు, లాగితే రక్తం అందక ఎండిపోతుంది. అలాంటప్పుడు 1959లో ఫౌలర్, స్టీఫెన్స్ వివరించిన సూత్రం వాడతారు. పొట్టిగా ఉన్న పెద్ద రక్తనాళాలను బీజానికి కాస్త పైన క్లిప్‌తో మూసి ఆ రోజుకు వదిలేస్తారు. వీర్యనాళం వెంట ఉన్న చిన్న నాళాలు ఆరు నెలల్లో లావెక్కి బీజాన్ని పోషిస్తాయి. అప్పుడు రెండో విడతలో దించుతారు. కొందరు సర్జన్లు నాళాలు మూయకుండా బీజాన్ని అవతలి వైపు పొట్టగోడకు కుట్టి, మూడు నెలలు పోయాక, నాళాలు సాగిన తర్వాత దించే షెహతా పద్ధతి ఎంచుకుంటారు. నాళాలు మూయకుండా ఒకే విడతలో దించినప్పుడు నూటికి తొంభై దాకా బీజాలు బతికి సంచిలో నిలుస్తాయి. నాళాలు మూసి రెండు విడతల్లో చేసినప్పుడు నూటికి ఎనభై పైచిలుకు.

మొదటి విడత అయ్యాక బిడ్డ బాగా ఆడుకుంటాడు, కుట్లు మానిపోతాయి. ఆపరేషన్ అయిపోయిందనుకుని రెండో విడతకు రాకపోవడమే ఈ చికిత్సలో అన్నిటికంటే బాధ కలిగించే నష్టం. బీజం ఇంకా కడుపులోనే ఉంది, పైగా దాని పెద్ద నాళాలు మూసి ఉన్నాయి. రెండో విడత తేదీని డిశ్చార్జ్ రోజే అడిగి టీకా కార్డు మీద రాయించుకోండి.

ఇంటికి వచ్చాక

అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారు. మత్తు పూర్తిగా దిగాక పాలు ఇవ్వొచ్చు. నొప్పికి పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. మొదటి రెండు రోజులు ఏడ్చేదాకా ఆగకుండా వేళకు వేయండి. 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 120 ఉండే సిరప్ అయితే 5 మిల్లీలీటర్లు, 250 ఉండే సిరప్ అయితే 2.4, మిల్లీలీటరుకు 100 ఉండే డ్రాప్స్ అయితే 1.2 మాత్రమే. డ్రాప్స్‌ను సిరప్ లెక్కన పోస్తే మందు నాలుగింతలు పడి కాలేయం దెబ్బతింటుంది. సీసా మీద అంకె చదివి, చెంచాతో కాకుండా సిరంజితో కొలవండి.

సంచి వాచి, నల్లగా కమిలినట్టు కనిపించడం రెండు వారాల దాకా మామూలే. రెండు రోజులు గుడ్డతో తుడిచి, తర్వాత స్నానం చేయించొచ్చు. నూనె మర్దన, పసుపు, పౌడరు కోతల దగ్గరికి రానివ్వకండి. డైపర్ తరచూ మార్చండి. బిడ్డను చంకనెత్తుకోవడం రెండు మూడు వారాలు మానండి. కాళ్లు ఎడంగా చాపి నడుముకు ఆనుకున్నప్పుడు బరువంతా కొత్త కుట్ల మీద పడి బీజం పైకి జారొచ్చు. రెండు చేతుల మీద పడుకోబెట్టి ఎత్తుకోండి. వాకర్, మూడు చక్రాల సైకిల్, బండి ట్యాంకు మీద కూర్చోబెట్టడం కూడా అప్పటిదాకా వద్దు. తిరుమలలో పుట్టెంట్రుకలు తీయించాలనుకుంటే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందో, నెల తర్వాతో పెట్టుకోండి. క్యూ రద్దీలో జలుబు తగిలితే తేదీ పోతుంది, కుట్ల మీద నలుగుడూ పడుతుంది.

101 డిగ్రీల జ్వరం, ఆగని వాంతులు, పచ్చటి వాంతి, పొట్ట ఉబ్బరం, 8 గంటలుగా మూత్రం లేకపోవడం, మూత్రంలో రక్తం, కోత దగ్గర చీము, గంటగంటకూ పెరిగే వాపు కనిపిస్తే ఆగకుండా తీసుకువెళ్లండి. మూత్రంలో రక్తం ఉందంటే మూత్రాశయానికి గాయమైందేమో చూడాలి.

వారం పది రోజులకు ఒకసారి, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి చూపించాలి. బీజం కింద నిలిచిందా, సైజు తగ్గుతోందా అన్నవి ఈ పరీక్షల్లోనే తెలుస్తాయి. మళ్లీ పైకి పోయి ఉంటే ఇంకో ఆపరేషన్‌తో దించొచ్చు, ఎండిపోతే మాత్రం తిరిగి రాదు. ఒక్క బీజమే మిగిలిన పిల్లవాడికి కూడా యుక్తవయసు మామూలుగానే వస్తుంది, పిల్లలు పుట్టే అవకాశమూ దాదాపు అందరితో సమానమే. కావాలంటే పెద్దయ్యాక కృత్రిమ బీజం అమర్చొచ్చు. ఆటల్లో ఉన్న ఒక్కదానికి దెబ్బ తగలకుండా గార్డు వాడటం నేర్పండి. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక నెలకోసారి తనే తడిమి చూసుకుని, గడ్డ తగిలితే చెప్పాలని కూడా నేర్పాలి.

డిశ్చార్జ్ కాగితంలో ఏ వైపు, లోపల ఏం కనిపించింది, ఏ పద్ధతిలో చేశారు, పెద్ద రక్తనాళాలు మూశారా లేదా అన్నవి రాసి ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకుని, ఫొటో తీసి పెట్టుకోండి. నాళాలు మూసిన వైపు బీజం వీర్యనాళం పక్కనున్న సన్నని నాళాల మీదే బతుకుతుంది. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత అతనికి ఆ వైపు హెర్నియా ఆపరేషన్ గానీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గానీ చేసే సర్జన్‌కు ఆ విషయం తెలియాలి.